చెక్క పని చేసే చిన్న రూటర్ కొనడం, వాడడం: విశాఖ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బాల్కనీలోనో, మేడ మీదో, కారు పెట్టే చోటో సెలవు రోజుల్లో చెక్క పని చేసుకునేవాళ్ళ కోసం, ఈ పనిలోకి కొత్తగా దిగిన కుర్రాళ్ళ కోసం రాసినవి ఇవి. రోజంతా మిషన్ నడిపే వర్క్‌షాపుల అవసరాలు వేరు. ధరలు తరచూ మారతాయి కాబట్టి ఇక్కడి అంకెల్ని అంచనాగానే తీసుకోండి.

చిన్న రూటర్‌తో ఏ పనులు అవుతాయి, ఏవి కావు?

ఒంటి చేత్తో పట్టుకోగలిగిన మోటారు, దాని కింద చదునైన బేస్, మధ్యలో నిమిషానికి దాదాపు 30,000 చుట్లు తిరుగుతూ చెక్కను కోసే బిట్టు. మిషనంతా ఇంతే. బల్ల అంచుల పదును తీసి గుండ్రం చేయడం, అతికించిన సన్‌మైకాను అంచుకు సమంగా కోయడం, డ్రాయర్ అడుగు ప్లైవుడ్ దిగేలా గాడి తీయడం, తలుపు బందులకు చోటు చెక్కడం, ఒక అచ్చు పెట్టుకుని అదే ఆకారంలో ఎన్ని ముక్కలైనా తీయడం, గుమ్మం పక్కన పెట్టే పేరు పలక మీద అక్షరాలు చెక్కడం దీనితో బాగా అవుతాయి. షాపులో ‘ట్రిమ్మర్’ అని అడగండి. ఉత్త ‘రూటర్’ అంటే రెండు చేతుల పిడులున్న పెద్ద ప్లంజ్ మిషన్ తీసి చూపిస్తారు.

తలుపు మందంలోకి లోతుగా దిగే మార్టీస్ లాక్ గుంత, మెయిన్ డోర్ పలకల మీద వెడల్పాటి డిజైన్, సింక్ కోసం గ్రానైట్ కోత మాత్రం దీని పని కాదు. మొదటి రెండింటికి అర అంగుళం కాడ (మిషన్‌లోకి దూరే భాగం) ఉన్న బిట్టు పట్టే పెద్ద రూటర్ కావాలి. మూడోదానికి మిషనే వేరు.

మా కార్పెంటర్ మేస్త్రి ‘ఉలి, చిత్రిక ఉండగా ఇదెందుకు బాబూ’ అంటున్నారు. నిజమేనా?

ఆయన చేతికి నిజమే. చిత్రికతో ఆయన అయిదు నిమిషాల్లో తీసే అంచు మనకు గంట పడుతుంది, పైగా వంకర పోతుంది. రూటర్ వచ్చినంత మాత్రాన ఉలి పక్కన పెట్టేయలేం. బిట్టు గుండ్రం కాబట్టి అది చెక్కిన గుంత మూలలు గుండ్రంగానే మిగులుతాయి, బందు కూర్చోవాలంటే ఆ మూలల్ని ఉలితోనే చదరం చేయాలి. రెండూ కొనుక్కోండి. ఉలి ముందు కొనండి.

ఎంత డబ్బు పెట్టాలి?

రెండు మూడు వేలకు ఆన్‌లైన్‌లో, హార్డ్‌వేర్ షాపుల్లో రకరకాల పేర్లతో దొరుకుతాయి. వాటిలో చాలావరకు ఒకే తరహా చైనా మిషన్లు, మీద అంటించిన స్టిక్కరే వేరు. నాలుగు వేలు దాటి ఏడెనిమిది వేల వరకు పేరున్న కంపెనీల ఒకే వేగం మిషన్లు ఉంటాయి. మకిటా 3709 అలాంటిదే: 530 వాట్లు, 30,000 చుట్లు, సుమారు కిలోన్నర బరువు, వేగం మార్చే డయల్ లేదు. బాష్ జీకేఎఫ్ 550 కూడా ఇదే కోవ: 550 వాట్లు, 33,000 చుట్లు. పది వేలు దాటితే మకిటా ఆర్‌టీ0700సీ లాంటివి వస్తాయి. అందులో 710 వాట్ల మోటారు, 10,000 నుంచి 30,000 దాకా వేగం మార్చుకునే డయల్ ఉంటాయి.

నా మాట అడిగితే, ఏడాదికి నాలుగైదు వస్తువులు చేసుకునేవాళ్ళకు చవక మిషన్ చాలు. ఒకే ఒక్క షరతు: బిట్టును పట్టి ఉంచే కొలెట్ బాగుండాలి. మోటారు బలహీనంగా ఉంటే పని నెమ్మదిగా సాగుతుంది, అంతే. కొలెట్ బాగోకపోతే మాత్రం కోత మధ్యలో బిట్టు కిందికి జారుతుంది, చెక్క పాడవుతుంది, ఒక్కోసారి బిట్టే ఊడి వచ్చేస్తుంది. కాబట్టి మిషన్ మీద మిగుల్చుకున్న డబ్బు మంచి కొలెట్‌కి, రెండు మూడు మంచి బిట్లకి, చెక్కను బల్లకు బిగించి పట్టే నాలుగు క్లాంపులకి పోనివ్వండి.

కొలెట్ బాగుందో లేదో షాపులో ఎలా తెలుస్తుంది?

ప్లగ్ పెట్టనివ్వకుండా ముందు నట్ విప్పించి కొలెట్‌ను బయటకు తీయండి. చీలికలు సమానంగా ఉండాలి, లోపలి గోడ నున్నగా ఉండాలి, నోటి దగ్గర విచ్చుకుపోయినట్టు ఉండకూడదు. తర్వాత పొడవైన స్ట్రెయిట్ బిట్టు బిగించి, కొలెట్ ఉన్న ఇరుసును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ బిట్టు కొసను పక్కనుంచి చూడండి. కొస ఉన్నచోటే తిరగాలి. కంటికి కనిపించేంత ఊగితే ఆ పీస్ వద్దనండి. 30,000 చుట్ల దగ్గర ఆ ఊపే మీ చేతికి వణుకుగా, చెక్క మీద గీతలుగా తేలుతుంది.

చివరగా రెండు పానాలతో బిగించి విప్పి చూడండి. విప్పేటప్పుడు ఒకసారి వదులై, మళ్ళీ బిగుసుకుని, రెండోసారి వదిలితే కంగారు పడక్కర్లేదు. కొన్ని కొలెట్లు తమంతట తాము బిట్టును బయటికి వదిలేలా అలా తయారవుతాయి.

నా మిషన్‌కి 6 ఎంఎం బిట్టు తెచ్చాను, జారిపోతోంది. మిషన్ పాడైందా?

చాలావరకు మిషన్ తప్పు ఉండదు. ఇక్కడ అంకె బిట్టు కాడ మందానిది, కోత వెడల్పుది కాదు. మేస్త్రీల లెక్కలో రెండు నూళ్ళంటే పావు అంగుళం, అంటే 6.35 ఎంఎం. షాపు కౌంటర్ దగ్గర ‘రెండు నూళ్ళ బిట్టు’, ‘ఆరు ఎంఎం బిట్టు’ ఒకటే అన్నట్టు ఇచ్చేస్తారు. రెండింటికీ మధ్య తేడా మిల్లీమీటరులో మూడో వంతు. కొలెట్‌కి అదే చాలా ఎక్కువ.

6.35 బిట్టు 6 ఎంఎం కొలెట్‌లో దూరనే దూరదు, కాబట్టి ప్రమాదం లేదు. గొడవంతా రెండో వైపే. 6 ఎంఎం బిట్టు 6.35 కొలెట్‌లోకి సులువుగా దిగుతుంది, నట్ గట్టిగా తిప్పితే పట్టినట్టే ఉంటుంది. కోత మొదలయ్యాక వేడికి, వణుకుకు కొంచెం కొంచెంగా జారుతుంది. మూడు ఎంఎం లోతు పెట్టిన గాడి చివరికొచ్చేసరికి అయిదు ఎంఎం అవుతుంది. కాడకు టేపు చుట్టి, కాగితం చుట్టి బిగించే చిట్కాలు చెప్పేవాళ్ళు ఉంటారు. దయచేసి వినకండి.

మీ మిషన్‌తో ఏ కొలెట్ వచ్చిందో పెట్టె మీద చదవండి, లేదా కొలెట్ మీద చెక్కిన అంకె చూడండి. కొన్నింటితో రెండు సైజులూ ఇస్తారు. చవక బిట్ సెట్లు ఎక్కువగా పావు అంగుళం కాడతోనే వస్తాయి. అందుకని ఇంట్లో ఒకే సైజు ఉంచుకోవడం మేలు: కొలెట్ 6.35, బిట్లన్నీ 6.35. బిట్టు కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో మందం కొలిచే వెర్నియర్ క్యాలిపర్ ఒకటి వేసుకుంటే వాదన అక్కడే తేలిపోతుంది.

బిట్టు ఎంత లోపలికి పెట్టి బిగించాలి?

ముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు. కాడను అడుగు తగిలేదాకా దించి, రెండు మూడు ఎంఎం పైకి లాగి బిగించండి. అడుగుకు ఆనించి బిగిస్తే వేడెక్కి వ్యాకోచించిన కాడ కొలెట్ పట్టును వదులు చేస్తుంది. మరీ పైకి లాగితే కాడ చాలినంత లోపల ఉండదు. లోతు చాలడం లేదని బిట్టును బయటికి లాగి సర్దుకోకండి, పొడవైన బిట్టు కొనుక్కోండి.

వాట్లు ఎక్కువ ఉన్నది కొంటే మంచిదే కదా?

పెట్టె మీది వాట్లు అన్ని కంపెనీలూ ఒకేలా కొలవవు. 800 వాట్లని రాసిన రెండు వేల మిషన్, 530 వాట్ల పాత కంపెనీ మిషన్ ముందు ఆగిపోవడం షాపుల్లో మామూలే. పావు అంగుళం కాడకు ఎలాగూ కొంతకు మించి బలం ఎక్కించలేం, కాడే వంగిపోతుంది. 500 నుంచి 700 మధ్య నిజమైన వాట్లు ఉంటే ఈ సైజుకి సరిపోతుంది.

విశాఖలో ఎక్కడ చూడాలి? ఆన్‌లైన్‌లో చవక కదా?

చవకే. కానీ కొలెట్‌ను విప్పి చూసి, బిట్టు ఊపు చూసి కొనే వీలు ఆన్‌లైన్‌లో లేదు. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల వీధులు, డాబాగార్డెన్స్, గాజువాక ఒకసారి తిరగండి. ఆదివారం పోతే సగం షట్టర్లు మూసి ఉంటాయి, ఆఫీసుకి సెలవు పెట్టలేనివాళ్ళు శనివారం సాయంత్రం చూసుకోవాలి. ధర అడిగే ముందు విడిభాగాల సంగతి అడగండి. కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించేవి), కొలెట్, కొలెట్ నట్, బేస్ ప్లేట్, స్విచ్: ఈ అయిదూ తన దగ్గరే దొరుకుతాయని చెప్పే షాపువాడి దగ్గర రెండొందలు ఎక్కువైనా కొనొచ్చు.

పవర్ టూల్స్ మీద జీఎస్టీ 18 శాతం. ‘బిల్లు లేకుండా అయితే ఇంతకిస్తా’ అనే బేరానికి ఒప్పుకుంటే వారంటీ పోయినట్టే. బాగా పేరున్న మోడల్ సగం ధరకు వస్తుందంటే అది నకిలీ అయి ఉండడానికే అవకాశం ఎక్కువ. మిషన్ మీది సీరియల్ నంబరు, పెట్టె మీది నంబరు ఒకటేనా చూడండి. రిజిస్ట్రేషన్ సౌకర్యం ఉన్న కంపెనీ అయితే కొన్న రోజే నంబరు ఎక్కించేయండి.

మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు. అక్కడ మంచి మిషన్లు ఉంటాయట, తెమ్మనమంటారా?

ఈ ఊళ్ళో దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపించే ప్రశ్న ఇది. వైరుతో నడిచేదైతే వద్దనే చెప్పండి. అక్కడి మిషన్లు 120 వోల్టులవి. మన ఇంటి సాకెట్‌లో 230. ప్లగ్ మార్చే చిన్న అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే గానీ వోల్టులను తగ్గించదు. స్విచ్ వేసిన క్షణంలో మోటారు పిచ్చి వేగం అందుకుని, ఆ వెంటనే కాలిపోతుంది. బిట్టు బిగించి ఉంటే అది ఇంకా ప్రమాదం.

వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడపొచ్చు. అక్కడి ప్రసిద్ధమైన చిన్న రూటర్లలో ఒకటైన డీవాల్ట్ డీడబ్ల్యూపీ611 ఏడు ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 840 వాట్లు. దానికి ఇబ్బంది లేకుండా నడవాలంటే 1,500 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. బరువు, ధర కలుపుకుంటే ఇక్కడ కొత్త మిషన్ వచ్చేస్తుంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడిది 50 హెర్ట్జ్ అన్న తేడా గురించి మాత్రం టెన్షన్ అక్కర్లేదు, ఈ రకం బ్రష్ మోటార్లకు అది పెద్ద లెక్క కాదు.

బ్యాటరీ మిషన్ అయితే తేవచ్చు. చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉందో, ఉత్త 120 అని ఉందో ముందే ఫొటో తీసి పంపమనండి. 120 అయితే చార్జర్ ఇక్కడ కొనాలి. అబ్బాయిని బిట్లు తెమ్మనడం ఇంకా తెలివైన పని. సూట్‌కేసులో చోటు పట్టవు, పావు అంగుళం కాడ అక్కడ మామూలు సైజు. చేతి బ్యాగులో పెట్టొద్దని చెప్పండి, సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు.

12 బిట్లు, 15 బిట్ల సెట్టు కొంటే సరిపోతుందా?

నేర్చుకోవడానికి సరిపోతుంది. అందులో సగం బిట్లు పెట్టెలోనే ఉండిపోతాయి, అది వేరే సంగతి. ఏ ఆకారం మీకు పనికొస్తుందో ఆ సెట్టు చెప్పేస్తుంది. ఆ తర్వాత అరిగిన వాటి స్థానంలో ఒక్కొక్కటీ మంచిది కొనుక్కుంటూ పోవచ్చు. నన్ను మొదటి మూడు ఎంచమంటే: గాడి తీయడానికి 6 ఎంఎం వెడల్పు కోసే స్ట్రెయిట్, అంచును సమం చేయడానికి బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్, అంచును గుండ్రం చేయడానికి చిన్న రౌండ్ ఓవర్. ఈ మూడింటితో ఇంట్లో పని చాలావరకు అయిపోతుంది.

బేరింగ్ అచ్చు అంచును ఆనుకుని దొర్లుతుంది. బిట్టు కొసన, అంటే కింద బేరింగ్ ఉంటే అచ్చు పనిముక్క అడుగున ఉండాలి. కాడ వైపు, అంటే పైన బేరింగ్ ఉంటే అచ్చు పైన పెట్టాలి. రెండోది అంగుళం లోపు లోతు గుంతలకు బాగా పనికొస్తుంది. 25 ఎంఎం కంటే వెడల్పాటి బిట్టు ఈ చిన్న మిషన్‌కి పెట్టకండి. లెక్క వేయండి: 30,000 చుట్ల దగ్గర 25 ఎంఎం బిట్టు అంచు గంటకు 140 కిలోమీటర్ల వేగంతో పోతుంది. డయల్ ఉన్న మిషన్ అయితే అంత బిట్టుకు వేగం తగ్గించుకోవచ్చు. నిజం చెప్పాలంటే డయల్ విలువ అక్కడే ఉంది. ఆరు, పది ఎంఎం బిట్లతోనే పని అయితే డయల్ లేకపోయినా లోటు తెలియదు.

మిషన్‌ను ఏ వైపుకి తోయాలి?

అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది ఇదే, ఎందుకో చాలామంది ఆఖర్న అడుగుతారు. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. మనం దాని తిరుగుడుకు ఎదురు వెళ్ళాలి. అప్పుడు చెక్క బిట్టును నిలువరిస్తుంది, పట్టు మన చేతిలో ఉంటుంది. తిరుగుడు వాటంగా తోస్తే బిట్టు చక్రంలా దొర్లి మిషన్‌ను ముందుకు లాక్కుపోతుంది.

సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవాళ్ళకు ఇది సులువుగా గుర్తుంటుంది. ఆషాఢ పున్నమికి 32 కిలోమీటర్లు నడిచేటప్పుడు కొండ ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంటుంది కదా. పలక బయటి అంచు మీద రూటర్ సరిగ్గా దానికి ఎదురు నడవాలి, చెక్క ఎడమ చేతి వైపు ఉండాలి. అంటే మన ముందున్న అంచు మీద ఎడమ నుంచి కుడికి. ఫొటో ఫ్రేము లోపలి అంచు మీద అయితే ప్రదక్షిణగానే తిరగాలి. అక్కడ కూడా చూడండి, నడిచే వైపు నుంచి చెక్క ఎడమనే ఉంటుంది. లోపలైనా బయటైనా చెక్క ఎడమన ఉందా లేదా అన్నది ఒక్కటి చూసుకుంటే చాలు.

మిషన్‌ను తలకిందులుగా టేబుల్‌కి బిగిస్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ కదిలేది చెక్క, కుడి నుంచి ఎడమకు తోయాలి. బిట్టుకూ, చెక్కను ఆనించి తోసే గైడ్‌కూ మధ్య సందులో చెక్క ఎప్పుడూ దూర్చకండి, బాణంలా పోతుంది.

ఒకేసారి ఎంత లోతు కోయొచ్చు?

టేకు, వేప లాంటి గట్టి చెక్కలో రెండు మూడు ఎంఎం. మెత్తటి చెక్కలో ఇంకొంచెం. పది ఎంఎం గాడి కావాలంటే నాలుగు విడతల్లో తీయండి. మోటారు చప్పుడు వింటే తెలిసిపోతుంది: మూలిగితే లోతు ఎక్కువైంది, తోయడం వేగం ఎక్కువైంది, లేదా బిట్టు మొద్దుబారింది.

అంచు నల్లగా కాలుతోంది, ఎందుకు?

ఒకేచోట ఆగినా, మరీ నెమ్మదిగా తోసినా రాపిడి వేడికి కాలుతుంది. మూలల దగ్గర చేయి మార్చుకోవడానికి ఆగుతాం, నల్ల మచ్చలు ఎక్కువగా అక్కడే పడతాయి. ముందే ఒకసారి మిషన్ ఆపి ఉంచి చుట్టూ తిరిగి చూసుకోండి, వైరు ఎక్కడ తగులుతుందో, మీ మోచెయ్యి ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. కాలిన మచ్చను తీయడానికి ఉన్న సుళువు మార్గం: అర ఎంఎం అదనంగా వదిలి పెట్టుకుని, చివర్లో ఆ అర ఎంఎం ఒకే ఊపులో తీసేయడం.

బిట్టు మీద గోధుమ రంగు జిగురు పేరుకుపోయినా కాలుతుంది. వంట సోడా కలిపిన వేడి నీళ్ళలో కాసేపు నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. బేరింగ్ ముందే విప్పేయండి, దానిలోని గ్రీజు పోకూడదు.

పలక చివర పెచ్చు ఊడుతోంది. ఏం చేయాలి?

నారకు అడ్డంగా కోసి చివరికి వచ్చినప్పుడు ఆ ఆఖరి నారలకు వెనక ఆసరా ఉండదు, విరిగి ఊడతాయి. వెనకాల ఒక పనికిరాని ముక్కను సమంగా క్లాంపు చేస్తే ఊడదు. నాలుగు వైపులా కోసేటప్పుడు అడ్డ నార ఉన్న రెండు చివరలు ముందు, పొడవు వైపులు తర్వాత. చివర్లో కొంచెం పెచ్చు లేచినా పొడవు కోతలో అది పోతుంది.

సన్‌మైకా అంచు కోసేటప్పుడు గీతలు పడుతున్నాయి.

రెండు కారణాలు. బేస్ కింద మైకా రజను చేరి పైపొరను గీరుతుంది: బేస్‌కు మాస్కింగ్ టేపు అంటించి, ప్రతి అంచుకు ముందు తుడవండి. రెండోది, బయటికి ఉబికిన గమ్ బేరింగ్‌కు అంటుకుంటుంది. బేరింగ్ తిరగడం మానేసి బిట్టుతో పాటు తిరిగితే పక్క మైకా మీద నల్ల గీత పడుతుంది. గమ్ పూర్తిగా ఆరాక, ఉబికినది గీకేశాకే మిషన్ పెట్టండి.

తలుపు బందులకు గుంత తీయడానికి పద్ధతేమిటి?

బందు రెక్క మందం చెక్క మీద కొలిచి పెట్టకండి, రెక్కనే బేస్ కింద పెట్టి బిట్టును దాని మందానికి సరిగ్గా సెట్ చేయండి. ముందు పాత ముక్కలో ఒక గుంత తీసి బందు సమంగా కూర్చుందో చూడండి. గీత గీసుకుని, గీతకు ఒక ఎంఎం లోపలి వరకే రూటర్, మిగతాది ఉలి. ఒకే కొలత తలుపులు ఆరేడు ఉంటే ప్లైవుడ్‌తో అచ్చు చేసుకోవడం దండగ కాదు. కిచెన్ కప్‌బోర్డుల కప్ హింజ్‌కు కావాల్సిన 35 ఎంఎం గుండ్రటి గుంతకు మాత్రం డ్రిల్లింగ్ మిషన్‌కు పెట్టే ఫోర్స్‌ట్నర్ బిట్టు వాడండి.

వన్‌టౌన్‌లో మా తాతగారి పెంకుటిల్లు విప్పేశాం. ఆ టేకు వాసాల మీద రూటర్ పెట్టొచ్చా?

అంత పండిన టేకు ఇప్పుడు డబ్బు పోసినా దొరకదు, తప్పకుండా వాడండి. ముందు ఒక బలమైన అయస్కాంతం ప్రతి అంగుళం మీద జరపండి. తల విరిగిపోయి లోపల ఉండిపోయిన మేకు ఒక్కటి చాలు, బిట్టుకున్న కార్బైడ్ అంచు పగిలి ముక్కలు కంటి మీదికి వస్తాయి. పాత రంగు, వార్నిష్ పైపొరను చిత్రికతో తీసేశాకే రూటర్. టేకులో సహజంగా ఉండే సిలికా వల్ల బిట్టు త్వరగా మొద్దుబారుతుంది, దానికి సిద్ధపడి ఉండండి. లోపల మేకులు ఉన్నాయని తెలిసిన కర్రను వదిలేసి పక్కది తీసుకోవడం చేతకానితనం కాదు.

కొత్త కర్ర అయితే టింబర్ డిపో నుంచి తెచ్చిన వెంటనే కోయకండి. పచ్చి కర్ర మీద రూటర్ పెడితే అంచు నూగు లేచినట్టు వస్తుంది, నెల తిరిగేసరికి గాడి కొలత మారిపోతుంది. మన తేమకు నీడలో, గాలి ఆడేలా పేర్చి ఆరనివ్వాలి.

దీనితో ఏటికొప్పాక బొమ్మలు చేయొచ్చా?

చేయలేం. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, లక్క రంగు వేసి చేస్తారు వాటిని. అక్కడ తిరిగేది కర్ర, ఇక్కడ తిరిగేది బిట్టు. ఆ బొమ్మలు పెట్టుకునే అర మాత్రం దీనితో బ్రహ్మాండంగా చేయొచ్చు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. చప్పుడు, దుమ్ము ఎలా?

చప్పుడు నిజంగా ఎక్కువే, చెవులకు ఇయర్ మఫ్‌లు తప్పనిసరి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి, రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఏ రూటరూ ఆ పరిమితిలో ఇమడదు. పైన ఫ్లాట్‌లో పరీక్షలకు చదివే పిల్లలున్నారా, కింద పసిపాప ఉందా కనుక్కుని, ఫలానా టైములో గంట సేపు చప్పుడు ఉంటుందని ముందే చెప్పి చేసుకుంటే అసోసియేషన్ దాకా పోదు.

దుమ్మును తేలిగ్గా తీసుకోకండి. కర్ర దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఎండీఎఫ్ (కర్ర పీచును జిగురుతో అద్ది చేసే పలక) పొడి ఇంకా మెత్తన, అందులో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. గుడ్డ కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బేస్ దగ్గర కట్టుకుంటే సగానికి పైగా అక్కడే పోతుంది. బాల్కనీలో చేస్తే సముద్రపు గాలి మధ్యాహ్నం నుంచి పొట్టంతా ఇంట్లోకి కొడుతుంది, కాబట్టి పొద్దున పెట్టుకోండి. పక్కింటివాళ్ళు బట్టలు ఆరేసే వేళ కూడా చూసుకోవాలి మరి.

చేతులకు గ్లవ్స్ వేసుకోవాలా?

వద్దు. తిరిగే బిట్టుకు గ్లవ్స్ దారం చిక్కితే చెయ్యి లోపలికి పోతుంది. అదే కారణానికి లుంగీ, చున్నీ, వదులు చేతుల చొక్కా, మెడలో వేలాడే గొలుసు, చేతి తాడు కూడా వద్దు. కళ్ళద్దాలు తప్పదు, పవర్ అద్దాలున్నా వాటి మీద పక్కలు మూసిన సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోవాలి. పనిముక్కను ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో మిషన్ నడపడం మాత్రం ఎవరు చేసి చూపించినా చేయకండి. క్లాంపు లేదంటే ఆ రోజు పని లేదు.

సముద్రం దగ్గర ఇల్లు. తుప్పుకు ఏం చేయాలి?

ఎంవీపీ కాలనీ నుంచి రుషికొండ దాకా ఉన్నవాళ్ళందరికీ ఇదే బెడద. పని అయ్యాక బిట్టును కొలెట్‌లో వదిలేయకండి, రాత్రికి రాత్రి అతుక్కోకపోయినా వానాకాలం ఒక నెల వదిలేస్తే తీయడం కష్టం. బిట్లకు కుట్టు మిషన్ ఆయిల్ పల్చగా రాసి, మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. కొబ్బరి నూనె రాయకండి, అది పేరుకుని జిగటవుతుంది. మళ్ళీ వాడేటప్పుడు కాడ, కొలెట్ రెండూ పొడి గుడ్డతో తుడవాలి. నూనె ఉన్న కాడ ఎంత బిగించినా జారుతుంది.

లోపల నిప్పురవ్వలు కనిపిస్తున్నాయి.

కార్బన్ బ్రష్‌ల దగ్గర సన్నటి నీలి మెరుపు మామూలే. పెద్దగా, పసుపు రంగులో రవ్వలు వస్తుంటే, మిషన్ ఆగి ఆగి తిరుగుతుంటే బ్రష్‌లు అరిగాయన్నమాట. రెండు పక్కలా మూతలు తీసి చూడండి. మంచి కంపెనీల బ్రష్ మీద అరుగుదల గీత ఉంటుంది, అక్కడికి వస్తే రెండూ కలిపి మార్చాలి. కొత్త బ్రష్‌లు వేసినా రవ్వలు తగ్గకపోతే లోపల బ్రష్‌లు ఆనుకునే కమ్యుటేటర్ పాడైనట్టు. చవక మిషన్‌లో ఆ రిపేరుకు ఇంకొంత వేసుకుంటే కొత్తదే వస్తుంది.

బేస్ చిన్నగా ఉంది, అంచు మీద మిషన్ ఒరిగిపోతోంది.

చిన్న రూటర్లన్నిటికీ ఇదే చిక్కు, అంచు మీద బేస్ సగం గాలిలో ఉంటుంది. నేమ్ బోర్డులు చేసే షాపులో 8 ఎంఎం యాక్రిలిక్ పలక నీటిచుక్క ఆకారంలో కోయించి, పాత బేస్ మరలు ఉన్నచోటే రంధ్రాలు పెట్టించి బిగించుకోండి. కొస వైపు ఒక పిడి పెట్టి, చెక్క మీద ఉన్న ఆ భాగాన్ని నొక్కి పట్టుకుంటే మిషన్ కదలదు. మరలు తల కిందికి దిగేలా కౌంటర్‌సింక్ చేయించడం మరవకండి, లేకపోతే ఆ తలే పలక మీద గీతలు గీస్తుంది.

సెకండ్ హ్యాండ్ దొరుకుతోంది. కొనొచ్చా?

ఇంటీరియర్ పని ఒప్పుకుని మధ్యలో వదిలేసినవాళ్ళ మిషన్లు మంచి ధరకే వస్తుంటాయి. బిట్టు లేకుండా ఆన్ చేసి వినండి: కీచుమంటే బేరింగ్‌లు పోయాయి. కొలెట్‌ను పైన చెప్పినట్టే చూడండి, విచ్చుకుపోయి ఉంటే కొత్త కొలెట్ దొరికే మోడలో కాదో కనుక్కున్నాకే బేరం. ఎత్తు సర్దే స్క్రూ బిగిస్తే మోటారు బేస్‌లో కదలకుండా నిలవాలి. వైరు మధ్యలో ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటే, మొత్తం వైరు మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి.